సారె లేకుండా ఊరగాయ జాడీ

కుమ్మరి సారె మీద చేయి కుదరనివాళ్ళే చేతిపనిలోకి, అంటే సారె లేకుండా ఉత్త చేతులతో పాత్రలు చేయడంలోకి, వస్తారని మట్టి నేర్చుకునేవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. హైదరాబాదులో నేను చూసిన స్టూడియోల్లో లోపలికి అడుగుపెట్టగానే సారెల వరసే కనిపిస్తుంది. వచ్చినవాళ్ళలో చాలామంది దాని ముందు కూర్చోవాలనే వస్తారు. నేను మొదటిరోజే చేతిపని నేర్పమన్నాను. ఇందులో కళాహృదయం ఏమీ లేదు. సారె కొనాలంటే డబ్బు కావాలి, పెట్టుకోవాలంటే చోటు కావాలి. మా ఫ్లాటులో రెండోది అసలే లేదు. చేతిపనికైతే ఒక చెక్కపలక, చపాతీ కర్ర, పాత నూలు చీర ముక్క, స్పాంజి, అరిగిపోయిన చాకు, కొన్ని పాలిథిన్ కవర్లు చాలు. బాల్కనీలో కూర్చుని చేసుకోవచ్చు. కాల్చడానికి మాత్రం స్టూడియోకి మోసుకెళ్ళాలి.

ఆ మాటకొస్తే మన ఇళ్ళలో సారె లేని మట్టిపని ఎప్పుడూ ఉన్నదే. చవితికి వినాయకుణ్ణి చేయని పిల్లలుండరు. కట్టెపొయ్యి వేసుకోవడం, గోడలు మెత్తడం, గుమ్ములకి మట్టి పూయడం ఆడవాళ్ళ పనే. మా అమ్మమ్మ పొయ్యి వేసేటప్పుడు మట్టిలో గుప్పెళ్ళకొద్దీ ఊక పోసి తొక్కేది. ఎందుకంటే "లేకపోతే నెర్రెలిస్తుందే" అనేది. స్టూడియోలో మట్టి సంచీ విప్పి చేయి పెట్టగానే ఇసకలా గరగరలాడింది. అది గ్రాగ్‌ట. కాల్చిన మట్టిని పొడికొట్టి మళ్ళీ పచ్చిమట్టిలో కలుపుతారు. ఒకసారి కాలిపోయింది కాబట్టి అది ఇక ముడుచుకోదు, పైగా లోపలి తడి బయటికి రావడానికి దారి ఇస్తుంది. అమ్మమ్మ ఊకతో చేసిన పనే ఇక్కడ గ్రాగ్‌తో చేస్తున్నారు.

అందరిలాగే నేనూ ముందు గుండ్రటి ముద్దలో బొటనవేలు దింపి, నొక్కుకుంటూ చిన్న గిన్నెలు చేశాను. తర్వాత పలకలా ఒత్తి సబ్బుపెట్టె, పచ్చళ్ళ పళ్ళెం. పళ్ళెం గురించి ఒక్కమాట: పలకని చేత్తో పట్టుకుని ఎత్తితే ఎక్కడ వంగిందో అక్కడే, కాల్చిన తర్వాత కూడా, మళ్ళీ వంగుతుంది. బల్ల మీద ఎంత చదునుగా సరిచేసినా సరే. అందుకే పలకని గుడ్డతో సహా ఎత్తి, ఇంకో చెక్క మీదికి బోర్లించాలి. ఇవన్నీ కుదిరాక జాడీ మొదలుపెట్టాను.

జాడీయే ఎందుకంటే మా అత్తయ్యగారి జాడీ. మెడదాకా గోధుమరంగు, కింద మీగడ తెలుపు, అందరిళ్ళలో ఉండేదే. ఎన్నో ఏళ్ళు ఆవకాయ పెట్టారు అందులో. ఈమధ్య దాని పొట్ట మీద తెల్లగా ఉప్పు పూయడం మొదలైంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వారానికి వస్తుంది. వెలుతురులో పెట్టి చూస్తే పైనున్న గాజుపూత నిండా వెంట్రుక మందం గీతలు. ఆ గీతల్లోంచి ఊట లోపలి మట్టిలోకి దిగి, గోడ అంతా పాకి, బయట ఆరిపోయి ఉప్పుగా తేలుతోంది. "దీని పని అయిపోయిందిలే అమ్మాయ్, ప్లాస్టిక్ డబ్బా తెచ్చేద్దాం" అన్నారావిడ. నేను చేస్తానన్నాను.

స్టూడియోలో మాకు నేర్పే అక్క నా మాట విని, "చెయ్యి. కానీ చివర్లో పూలు పెట్టుకుంటాననకూడదు. ఊరగాయ పెట్టాల్సిందే" అంది. ఆవిడ పాండిచ్చేరి వైపు పని నేర్చుకున్న మనిషి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టాక స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడేలా కాల్చే మట్టి) పని నేర్చుకున్నవాళ్ళు ఎందరో దక్షిణాదిలో తయారయ్యారు. వాడుకకి పనికిరాని వస్తువు చేస్తే ఆ పాఠశాల వాళ్ళకి నచ్చదేమో అని నాకు అనుమానం. అక్క అయితే కప్పు చేతికివ్వగానే ముందు నోటికి ఆనించి చూస్తుంది.

నీళ్ళకుండకీ జాడీకీ కావలసినవి పూర్తిగా ఎదురెదురు గుణాలు. కుమ్మరి ఆవంలో కట్టెలు, పిడకలు, గడ్డి వేసి కాలిస్తే వేడి మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ లోపలి సందులు మూసుకోవు. నీరు ఆ సందుల్లోంచి చెమర్చి ఆవిరవుతుంది, అందుకే కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. జాడీ చెమర్చకూడదు. దాని మట్టి 1200 డిగ్రీలు దాటి, సగం కరిగి అతుక్కుని, రాయిలా బిగుసుకోవాలి. అలాంటి మట్టినే స్టోన్‌వేర్ అంటారు. బాల్ క్లే, చైనా క్లే అనే మట్టి రకాలు, ఫెల్డ్‌స్పార్ అనే రాయి పొడి, పలుగురాయి పొడి ఇందులో కలుస్తాయి. బాల్ క్లే ద్వారకా తిరుమల ప్రాంతంలో దొరుకుతుంది, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి గూడూరు వైపు అభ్రకం గనులున్న చోట దొరుకుతాయి. ఇంత ముడిసరుకు మన దగ్గరుండి కూడా కలిపిన స్టోన్‌వేర్ మట్టి కోసం మేం ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుంటాం.

మొదట లెక్క వేసుకోవాలి. పచ్చిమట్టి మీద 10 సెంటీమీటర్ల గీత గీసిన పట్టీ ఒకటి చేసి కాల్పించాను. బయటికి వచ్చేసరికి ఆ గీత 8.8 ఉంది. అంటే నూటికి పన్నెండు ముడుచుకుంటుంది. ఇందులో సగం ఆరేటప్పుడే పోతుంది, మిగతాది చాలావరకు ఆఖరి కాల్పులో. పన్నెండే కదా అనిపిస్తుంది. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి పట్టే సరుకు మూడోవంతుకు దగ్గరగా తగ్గిపోతుంది. నాకు రెండు లీటర్ల జాడీ కావాలంటే మూడు లీటర్ల జాడీ చేయాలి. లోపలి వెడల్పు 15, ఎత్తు 17 సెంటీమీటర్లు పెట్టుకున్నాను.

ఆకారం సంగతి అత్తయ్యగారే తేల్చారు. నేను కాగితం మీద వేసిన బొమ్మ చూసి, "మెడ కింద గాడి ఏదీ? వాసెన ఎక్కడ కడతావు?" అన్నారు. నిజమే, గుడ్డ వేసి పురికొస బిగిస్తే జారకుండా ఆగడానికి అంచు కింద ఒక లోతు కావాలి. మూతి చేయి పట్టేంత ఉండాలి, మూడోరోజు తిరగ కలపడానికీ, కడగడానికీ. మా ఇద్దరి చేతుల్లో పెద్దది కొలిచి 9 సెంటీమీటర్లు అనుకున్నాం, పచ్చిగా 10.2. అడుగు లోపల మూల ఉండకూడదు, గరిట తిరిగేలా గుండ్రంగా ఉండాలి. ఇవేవీ స్టూడియో గోడ మీద అంటించిన బొమ్మల్లో లేవు.

మట్టిని ముందు బాగా పిసకాలి. గాలి బుడగ మిగిలితే బూరెలా ఉబ్బుతుంది. పిసికిన మట్టిలోంచి అడుగుకి ఒక బిళ్ళ కోసి, మిగతాదాన్ని వేలి లావు తాళ్ళలా పేనుకుని, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోవడమే పని. తాడు పెట్టే ముందు కింది అంచు మీద ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, అదే మట్టిని నీళ్ళలో కలిపి చేసిన చిక్కటి జావ పూయాలి. తాడు పెట్టాక లోపలివైపు బొటనవేలితో పైమట్టిని కిందికి లాగుతూ గీత కనపడకుండా కలిపేయాలి. ఆ సమయంలో రెండో చేయి బయట గోడకి ఆనించి ఉండాలి, లేదంటే పొట్ట బయటికి వస్తుంది. ఇది రాసినంత సులభంగా అలవడుతుంది, నిజంగానే. కష్టమంతా ఆగడంలో ఉంది. మూడు నాలుగు చుట్లు వేశాక ఇంకొకటి వేద్దామని చేయి లాగుతుంది. వేస్తే కింది మట్టి బరువు ఆపలేక కుంగుతుంది. అంచుకి తడిగుడ్డ చుట్టి, కవరు కప్పి, మర్నాటిదాకా వదిలేయాలి. మర్నాడు కింది భాగం వేలు దిగనంత బిగిసి ఉంటుంది, తడిగుడ్డ కింద అంచు మాత్రం మెత్తగానే ఉంటుంది. అప్పుడు మళ్ళీ మొదలు.

గోడ లేచాక లోపల గుండ్రాయి పట్టుకుని, బయట చెక్కబద్దతో తట్టాలి. మన కుమ్మరులు సారె మీంచి దించిన కుండ అడుగుని ఇలాగే తట్టి పెంచుతారు. ఒక్కో దెబ్బకి మట్టి దగ్గరపడుతున్నట్టు చప్పుడులోనే తెలుస్తుంది, మొదట బద్‌మని, తర్వాత తేటగా. వంకర్లు పోయి గోడ ఒక మందానికి వచ్చింది, 8 మిల్లీమీటర్ల దాకా. చేతిపని జాడీ బరువెక్కువ. నా దృష్టిలో జాడీకి అది దోషం కాదు. అలమర పై అరలోంచి లాగేటప్పుడు తేలిగ్గా ఉండే జాడీతోనే భయం.

మణిపూర్‌లో ఉఖ్రుల్ వైపు లోంగ్‌పి కుండలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ సర్పెంటినైట్ రాతిపొడి కలిపిన మట్టితో నల్లటి వంటపాత్రలు చేస్తారు. సారె లేదు, గ్లేజూ (గాజుపూత) లేదు. మంటలోంచి తీసి వేడిగా ఉండగానే ఆకులతో రుద్ది నునుపు తెస్తారు. ఒక ప్రదర్శనలో ఆ కుండ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఏ వంకా కనిపించలేదు. సారె లేకపోతే గుండ్రం రాదన్న మాట అప్పటినుంచీ నేను నమ్మను.

మూత కూడా అదే మట్టితో, అప్పుడే చేసి, జాడీ మీదే పెట్టి ఆరబెట్టాలి. విడిగా ఆరితే రెండూ రెండు రకాలుగా వంగుతాయి. సందు రెండు మిల్లీమీటర్లు వదిలాను.

ఇక ఆరడం. నేను జాడీ చేసింది మే నెలలో. బాల్కనీ తలుపు తీస్తే పొయ్యి ముందు నుంచున్నట్టే. ఆ వేడికి అంచు గంటలో తెల్లబడుతుంది, అడుగు మాత్రం ఇంకా నల్లగా తడిగా ఉంటుంది. ఆరిన అంచు ముడుచుకోవాలని చూస్తుంది, తడి అడుగు దాన్ని రానివ్వదు, ఎక్కడో ఒకచోట బీట పడుతుంది. అందుకే అంచుకీ మూతకీ ఎక్కువ కప్పాలి, పొట్టకి తక్కువ. జాడీ కాస్త బిగిశాక బోర్లించి అడుగుకి గాలి తగలనివ్వాలి. కింద రెండు మడతల న్యూస్‌పేపరు వేసి దాని మీద కాస్త గ్రాగ్ చల్లితే, అడుగు ముడుచుకునేటప్పుడు చెక్కకి పట్టుకోకుండా జరుగుతుంది. కవరు లోపలివైపు తెల్లారేసరికి నీటిబొట్లు పడతాయి. అవి జాడీ మీద కారకుండా రోజూ కవరు తిరగేసి కప్పాలి. ఫ్యాను వేయకూడదు. మా ఇంట్లో మే నెలలో హాల్లో ఫ్యాను వేయకూడదని నేను చెప్పినప్పుడు జరిగిన చర్చ ఇక్కడ అనవసరం. జాడీ చివరికి స్టోర్‌రూములోకి వెళ్ళింది.

ఆరిందో లేదో చూడటానికి చెంపకి ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పైకి ఎంత తెల్లగా ఉన్నా నమ్మకూడదు.

ఈ దశలో చాలామంది గరుకు కాగితంతో రుద్దుతారు. ఇంట్లో ఆ పని చేయొద్దు. లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరిందంటే పోదు. తడి స్పాంజితో తుడిస్తే నునుపు అదే వస్తుంది. బాల్కనీని కూడా చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. చేతులు కడిగిన నీళ్ళు బకెట్‌లో పట్టి, పేరుకున్నాక పైతేట మాత్రమే పారబోయాలి. సింకులో పోస్తే గొట్టంలో మట్టి గట్టిపడుతుంది, తర్వాత ప్లంబరుతో పాటు కింది ఫ్లాటువాళ్ళు కూడా వస్తారు.

మొదటి కాల్పు 1000 డిగ్రీలకి. మా స్టూడియోలో ఉన్నది కరెంటు కిల్న్, అంటే మట్టి కాల్చే కొలిమి. మందంగా ఉన్న వస్తువులున్నాయని రాత్రంతా 90 డిగ్రీల దగ్గర ఆపి ఉంచారు. మిగిలిన తడి నెమ్మదిగా పోవాలి, 100 దాటాక నీరుంటే ఆవిరై గోడని పేల్చేస్తుంది. 500 చుట్టుపక్కల మట్టి అణువుల్లో కట్టుబడి ఉన్న నీరు కూడా వెళ్ళిపోతుంది. అది పోయాక మట్టిని మళ్ళీ నానబెట్టి ముద్ద చేయడం ఎవరి తరమూ కాదు. 573 దగ్గర పలుగురాయి రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పనికిరాదు. లోపల 100 కంటే తగ్గేదాకా తలుపు తీయరు. చూద్దామని నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా కిల్న్ చూసుకునే అన్న "రేపు రండి మేడం" అన్నాడు, మర్నాడు కూడా.

గ్లేజ్ అంటే మట్టి మీద పూసే గాజు. సిలికా గాజవుతుంది, అల్యూమినా దాన్ని కారిపోకుండా పట్టుకుంటుంది, ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి లాంటివి తక్కువ వేడికే కరిగిస్తాయి. రంగుల డబ్బాలు వరసగా ఉంటే చేయి రాగి ఆకుపచ్చ మీదికే పోతుంది. కానీ పులుపు తగిలే లోపలి గోడకి రంగులు వద్దని అక్క గట్టిగా చెప్పింది. రాగి ఎక్కువున్న గ్లేజుల్లోంచి పులుపు రాగిని లాగేస్తుంది. సీసం ఉన్న పాత రకం గ్లేజులు సరేసరి, తిండి వస్తువు దగ్గరికి రానివ్వకూడదు. లోపల మెరిసే తెల్లటి గ్లేజు పోసి, జాడీని తిప్పి, వొంపేశాను. బయట కింద తెలుపు, మెడ దగ్గర ఇనుము కలిసిన గోధుమరంగు. ఆ రంగుకి మూలం మన జేగురులో ఉన్న ఐరన్ ఆక్సైడే. అడుక్కీ, మూత కూర్చునే చోటికీ మైనం పూసి గ్లేజు అంటకుండా చేయాలి, లేకపోతే మూత జాడీకే కరిగి అతుక్కుంటుంది.

రెండో కాల్పు 1230కి. కిల్న్‌లో మీటరున్నా లోపల కోన్ పెడతారు, కొంత వేడి తిన్నాక వంగిపోయే సన్నటి ముక్క అది. మీటరు చెప్పే అంకె కంటే కోన్ వంగడాన్నే నమ్ముతారు. ఆరోనంబరు కోన్ వంగి ముక్కు నేలకానింది. జాడీ బాగానే వచ్చింది. గోధుమరంగు ఒకవైపు కాస్త పల్చన.

ఊరగాయ పెట్టే ముందు పరీక్షలు. జాడీతో పాటే, గ్లేజు లేని పట్టీ ఒకటీ గ్లేజు పూసినవి రెండూ కాల్పించి ఉంచుకున్నాను, జాడీ మీద ప్రయోగాలు చేయలేం కదా. గ్లేజు లేనిది వంటింటి కాటా మీద 86 గ్రాములు తూగింది. ల్యాబుల్లో చేసినట్టే అయిదు గంటలు నీళ్ళలో మరిగించి, ఒకరోజు నానబెట్టి, తుడిచి తూస్తే 87. నూటికి ఒకటికి కాస్త పైన. స్టోన్‌వేర్‌కి మూడు లోపు ఉంటే చాలు. మరుగుతున్న గిన్నెలోకి తొంగిచూసి అత్తయ్యగారు "ముక్క ఉడికిందా?" అని రెండుసార్లు అడిగారు. గ్లేజు పట్టీల్లో ఒకదాని మీద నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా ఉంచాను, రంగు మారలేదు. రెండోదాన్ని మరిగే నీళ్ళలోంచి తీసి ఐసునీళ్ళలో వేసి, ఆరాక నల్ల సిరా రుద్ది కడిగాను. గ్లేజు మట్టికంటే ఎక్కువ ముడుచుకునే రకమైతే సన్నగీతలు పడి సిరా అందులో దిగుతుంది. మా పాత జాడీకి వచ్చిన జబ్బు అదే. ఇక్కడ ఏ గీతా తేలలేదు.

ఈ పరీక్షల్లో ఏదీ చేయకుండా "ఫుడ్ సేఫ్" అని చీటీ అంటించి అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. చేతిపని జాడీ కొనేవాళ్ళు ఎన్ని డిగ్రీలకి కాల్చారు, లోపలి గ్లేజేమిటి అని అడగాలి. జవాబు తడుముకుంటే అందులో పప్పులు పోసుకోండి. మీరే చేసుకుని బయట కాల్పించుకునేవాళ్ళయితే, మట్టి కొనకముందే కిల్న్ యజమానితో మాట్లాడాలి. కిలో లెక్కన తీసుకుంటారా, అరలో పట్టే చోటు లెక్కనా, మీ మట్టి వాళ్ళ వేడికి ఆగుతుందా అని. 1050కే కరిగే మట్టిని 1230కి పెడితే వాళ్ళ అర పలకలు కూడా పోతాయి.

ఆవకాయ రోజులు దాటిపోయాయి కాబట్టి నిమ్మకాయ పెట్టాం. ఉప్పు, పులుపు రెండూ ఉన్నది, దానికంటే గట్టి పరీక్ష లేదు. వాసెన అత్తయ్యగారే కట్టారు, గాడిలో పురికొస ఆగింది. కింద నల్ల కాగితం వేసి ఉంచాను, ఉప్పు పూస్తే కనపడాలని. ఇంతవరకూ ఏమీ రాలలేదు, పొట్ట పొడిగా ఉంది.

మూత మాత్రం ఒక్క వైపే సరిగ్గా కూర్చుంటుంది. చేత్తో చేసిన గుండ్రం కదా, జాడీ ఎక్కడ కాస్త లోపలికుందో మూత కూడా అక్కడే లోపలికుంటుంది. ముందే తెలుసు కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే రెండింటి మీదా చిన్న గీత పెట్టాను, గీతకి గీత కలిపితే చాలు. అత్తయ్యగారు చూడకుండానే వేలితో తడిమి పెట్టేస్తారు. మా వారు మాత్రం రోజూ మూతని పట్టుకుని గిరగిరా తిప్పి, "ఇది కూర్చోవట్లేదు, ఏదో తేడా వచ్చింది" అని హాల్లోంచి నన్ను కేకేస్తారు.